తెలుగుల రాస్తే లెక్క తప్పుతదా?

2008లో శంషాబాద్‌ల విమానాశ్రయం తెరిచిండ్రు. మనోళ్లు అక్కడ సామాన్లు మోస్తున్నరు, ఊడుస్తున్నరు. లెక్కలు చూసే కుర్చీల్లో ఎందరున్నరు?

మన పిల్లలూ బీకాం చదివి సీఏ పరీక్షకు కూర్చుంటున్నరు. 2024 నుంచి ఇంటర్, ఫైనల్ పేపర్లలో టిక్కు పెట్టే ప్రశ్నలకు 30 శాతం మార్కులే. మిగతా 70 రాసే జవాబులకు. ఆ రాత ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలె, తెలుగుకు చోటు లేదు! పల్లె బడిలో తెలుగుల చదివినోళ్లకు తెలిసిన జవాబు కూడా కాగితం మీదికి రాదు.

తెలుగు పెట్టమని అడుగుదాం. అది వచ్చేదాకా పిల్లలతోని రోజూ రాయిద్దాం. చట్టం ఏమంటది, ఇచ్చిన సంగతికి అదెట్ల వర్తిస్తది, ఆఖరుకు ఏం తేలింది - ఈ వరుసలో, చేత్తో, గడియారం ముందట పెట్టి మూడు గంటలు. పాత ప్రశ్నలు, జవాబులు సీఏ ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌ల ఉచితంగనే దొరుకుతయి. ఇరుకిళ్లల్ల కూసోని రాసుడు కాదు గనుక, సాయంత్రం అంబేద్కర్ భవనం తాళం తీయండి.