ఇక్కడ అందరూ క్షేమం!

మొన్న ఆదివారం మా బాబాయిగారింటికి వెళితే, ఆయన ఫోను నా చేతికిచ్చి, "చూడమ్మా, మగపిల్లలంటే వీళ్లు!" అన్నారు.

చూశాను. మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసిన ఓ బ్రిటిష్ మిడ్‌షిప్‌మన్ చేత్తో రాసిన జర్నల్లోని పేజీలు. మిడ్‌షిప్‌మన్ అంటే ఇంకా పూర్తి ఆఫీసరు కాని కుర్ర ఆఫీసరు. ముత్యాల్లాంటి అక్షరాలు, ఓడ నడిచిన దారి చూపించే పటం, ఫిరంగి లోపలి భాగాల బొమ్మ. చెప్పొద్దూ, ముచ్చటేసింది.

"యుద్ధంలో ఉండి కూడా ఒక్కచోట భయమేసిందని గానీ, అమ్మ గుర్తొచ్చిందని గానీ రాశాడేమో చూడు! మనవాళ్లని హాస్టల్లో వేస్తే వారానికే ఏడుపు!" అన్నారాయన.

నాకు ఒళ్లు మండింది. పెద్దాయన కదా అని అక్కడ సగమే అన్నాను. మిగతా సగం ఇక్కడ అంటున్నాను.

అసలది ఆ కుర్రాడు సరదాపడి రాసుకున్న డైరీ కాదు. ఆ నౌకాదళంలో మిడ్‌షిప్‌మన్ అయిన ప్రతివాడూ రాసి తీరవలసిన పుస్తకం. కళ్లు తెరుచుకుని చూడటం, చూసింది సొంతమాటల్లో చెప్పటం, చేసేపనిలో ఒద్దిక అలవడాలని పెట్టిన రాతపని. పై ఆఫీసరు చదివి పొడిసంతకం పెడతాడు. కెప్టెన్ అప్పుడప్పుడు తెప్పించుకుని చూస్తాడు. పరీక్షనాడు పరీక్షకుల ముందు పెట్టాలి. ఎలిజబెత్ రాణి భర్త ఫిలిప్ కూడా, 1941 మార్చిలో మటపాన్ రాత్రియుద్ధంలో వేలియంట్ ఓడమీద సెర్చిలైట్ల దగ్గర నిలబడ్డ పందొమ్మిదేళ్ల మిడ్‌షిప్‌మనే. అలాంటి పుస్తకం రాసినవాడే.

కెప్టెన్ చదివే పుస్తకంలో "రాత్రి నిద్రపట్టలేదు, ఇంటికి వెళ్లిపోవాలని ఉంది" అని ఏ తెలివైన పిల్లాడు రాస్తాడండీ? రాయనంత మాత్రాన అనుకోలేదనేనా?

వాళ్ల వయసెంతో కూడా చెప్పాలి. డార్ట్‌మత్ నౌకా కళాశాలలో చదువుకుంటున్న కుర్రాళ్లని 1914 ఆగస్టులో యుద్ధం వస్తూనే ఓడలెక్కించేశారు. సెప్టెంబరు 22 పొద్దున ఉత్తర సముద్రంలో ఒకే ఒక్క జర్మన్ జలాంతర్గామి అబూకిర్, హోగ్, క్రెసీ అనే మూడు ఓడల్ని వరసగా ముంచింది. 1,400 మందికి పైగా పోయారు. వైకమ్ మస్‌గ్రేవ్ అనే పదిహేనేళ్ల పిల్లాడు మొదటి ఓడ మునుగుతుంటే ఈదుకుంటూ రెండోదాన్నీ, అదీ మునిగితే మూడోదాన్నీ చేరాడు. అదీ మునిగింది. చెక్క పట్టుకుని తేలుతుంటే డచ్చి చేపలపడవ వాళ్లు పైకి తీశారు. పదిహేనేళ్లు! మనింట్లో ఆ వయసువాడు చలికాలం చన్నీళ్లు పోసుకోమంటేనే గోల చేస్తాడు.

ఇదంతా మనకి కొత్తా? 1970ల్లో మా అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో, మా తాతగారు ఇన్‌లాండు లెటరు మీద పైభాగమంతా తాను నింపి, అడుగున మిగిలిన కాస్త జాగా కోడలికిచ్చేవారట. ఆవిడ రాసింది చదివి, నాలికతో జిగురు తడిపి అంటించేవారు. పోస్టుడబ్బాలో వేసి వచ్చింది ఎవరనుకున్నారు? ఈ బాబాయిగారే! అమ్మ రాసేది ప్రతిసారీ ఒకటే: "ఇక్కడ అందరూ క్షేమం. నేను సుఖంగా ఉన్నాను."

ఓసారి చివర "తమ్ముణ్ణి ఈ సంక్రాంతికి తప్పకుండా పంపవలెను" అని రాసింది. మా అమ్మమ్మకి అక్షరజ్ఞానం అంతంతమాత్రం. అయినా ఆ "తప్పకుండా" దగ్గర ఆగిపోయి, పండగదాకా ఎందుకని మర్నాడే తాతయ్యని బస్సెక్కించిందట. చదవటమంటే అదీ!

ఆ రాతపని పనికిమాలినదని నేననను. ఫిరంగిలో ఏ మర ఎక్కడుందో చూసి గీయగలవాడి కన్ను నాలాంటి నవలలు రాసేదానికి ఉంటే ఎంత బాగుండును! కానీ అక్కడున్నది పిల్లాడి కన్ను. మనసు కాదు. పొడిసంతకం పడ్డ పేజీ చూపించి "వీడికి బెంగే లేదు" అని తేల్చేసి, ఆ గుండె లేదేమని మన పిల్లల్ని సాధించటం మాత్రం దుర్మార్గం. ఆ మాటే అంటాను, పెద్దవారు ఏమనుకున్నా సరే.

బాబాయిగారి మనవడు ఇంటర్ మొదటి సంవత్సరం, ఊరుకాని ఊళ్లో హాస్టల్లో ఉన్నాడు. మొదటి వారం ఏడ్చాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోను చేసి "బాగున్నాను తాతయ్యా, టెస్టులు బాగా రాస్తున్నాను" అంటాడట. దారిలో పడ్డాడని ఈయన మురిసిపోతున్నారు.

"ఆ మాట చెప్పేటప్పుడు వాడి పక్కన ఎవరుంటారు బాబాయిగారూ?" అన్నాను. నేను పైకి అన్న సగం అదే.

ఆయన ఫోను జేబులో పెట్టుకుని, కాఫీ చల్లారిపోతోందని గ్లాసు అందుకున్నారు. వంటింటి గుమ్మంలోంచి పిన్ని, "వార్డెను గారే. స్పీకరు పెట్టించి పక్కనే నిలబడతాట్ట," అంది.