గుడ్డు సంగతి సరే, పండు ఏదీ?

మైసూరుపాకుని ఎవరూ 'గుడ్డు లేని మైసూరుపాకు' అనరు. ఓళిగని 'ఎగ్‌లెస్ ఓళిగ' అనరు. రవ్వలడ్డుకీ, కజ్జికాయకీ, చిక్కీకీ ఆ బాధ లేదు. ఒక్క కేకుకి మాత్రం అందులో ఏముందో చెప్పకముందే ఏం లేదో చెప్పి పేరు పెడతాం. అంగడికి పోయి 'ఎగ్‌లెస్ ఉందా?' అని అడుగుతాం. ఉందంటే డబ్బులిచ్చి తెచ్చుకుంటాం. ఇందులో ఏ పండు వేశారు, ఏ గింజలు వేశారు అని అడిగినవాళ్ళని నేనింతవరకూ చూడలేదు.

ఈ అలవాటు మారాలని నా అభిప్రాయం. తిండి గురించి ఇంత రాయాలా అని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి.

ఎగ్‌లెస్ కేకు విషయంలో మన క్లాసులోనే రెండు పక్షాలున్నాయి. గుడ్డు లేకపోతే అది కేకే కాదు, తీపి బ్రెడ్డు అనేది మొదటి పక్షం. గుడ్డు లేదు కాబట్టి అదే శుభ్రమైన కేకు అనేది రెండో పక్షం. వినడానికి ఎదురెదురు మాటలు. కానీ ఇద్దరి చూపూ గుడ్డు మీదే ఉంది. ఎదురుగా ఉన్న కేకుని ఎవరూ చూడట్లేదు.

మొదటి పక్షంవాళ్ళకి మన ఊరి సంగతి ఒకటి గుర్తు చేస్తాను. హాసన్ వైపు నుంచి వచ్చిన హెచ్.ఎస్. తిరుమలాచార్ 1898లో బెంగళూరు చిక్‌పేటలో బి.బి. బేకరీ పెట్టారు. అయ్యంగార్ బేకరీలకి మొదలు అదే అంటారు. ఇప్పుడు ఆ పేరు లేని పేట లేదు. కారా బన్ను, దిల్‌పసంద్, తీపి పాకం పీల్చుకుని పైన జామూ కొబ్బరీ వేసుకున్న హనీ కేకు, ఇవన్నీ తింటూ పెరిగినవాళ్ళమే మనం. అందులో గుడ్డు లేదని స్కూలు వదిలాక కొనుక్కుని తినేటప్పుడు ఎవరికైనా లోటు అనిపించిందా? ఈ ఊళ్ళో గుడ్డు లేని కేకు ఎవరో దయతలచి పెట్టిన రెండో రకం సరుకు కాదు. మన అమ్మల చిన్ననాటి నుంచీ ఉన్న మామూలు తిండి.

అసలు కేకులో గుడ్డు చేసే పనేమిటి? పిండిని పట్టి ఉంచుతుంది, పొంగడానికి తోడవుతుంది, తడి ఇస్తుంది. ఈ పనులు వేరేవి కూడా చేయగలవు. పెరుగులోని పులుపు వంటసోడాతో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ బుడగలు పుడతాయి, కేకు పొంగుతుంది. బాగా మాగిన అరటిపండు గుజ్జు, మామిడిపండు గుజ్జు పిండిని పట్టి ఉంచుతాయి, తడీ ఇస్తాయి. ఒక గుడ్డుకి బదులు పావు కప్పు పెరుగో, పావు కప్పు పండు గుజ్జో వేస్తే సరిపోతుంది. అంటే గుడ్డు తీసేసిన చోట ఖాళీ మిగలదు, అక్కడికి పండు వస్తుంది. అలాంటప్పుడు పేరు వచ్చినదాన్ని బట్టి పెట్టాలి గానీ, పోయినదాన్ని బట్టి ఎందుకు?

మరి మనం కొనే ఎగ్‌లెస్ కేకుల్లో ఆ పండు ఉందా? ఫ్రూట్ కేకు అని రాసి ఉంటుంది. కోసి చూస్తే ఎరుపు, పచ్చ, పసుపు రంగుల్లో టూటీ ఫ్రూటీ ముక్కలు. అవి పచ్చి బొప్పాయిని చక్కెర పాకంలో ఊరబెట్టి రంగు వేసినవి. పైన పెట్టే ఎర్రటి చెర్రీ కూడా చాలాసార్లు చెర్రీ కాదు, రంగు వేసిన వాక్కాయ. వాక్కాయ మీద నాకు కోపం లేదు. మా అవ్వ చేసే వాక్కాయ పప్పు కోసం నేను పుస్తకాలు పక్కన పెట్టి లేస్తాను. కానీ మన వాక్కాయకి విదేశీ పండు వేషం వేసి అమ్మడం, మనం అది కొని మురిసిపోవడం, ఇదేం కర్మ?

మన చుట్టూ ఏం పండుతుందో ఒకసారి లెక్కపెట్టండి. ఎండాకాలంలో శ్రీనివాసపురం మామిడిపండ్లు వస్తాయి. అప్పుడే పనసపండ్లూ దిగుతాయి. చిక్కబళ్ళాపురం, దేవనహళ్ళి, దొడ్డబళ్ళాపురం వైపు నల్లగా నిగనిగలాడే బెంగళూరు బ్లూ ద్రాక్ష ఉంది, దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వానాకాలం వెళ్తుంటే తోపుడు బండ్ల మీద సీతాఫలాలు. ఏలక్కి అరటి ఏడాదంతా ఉంటుంది. కార్తీకమాసం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె జరుగుతుంది. దొడ్డ బసవన్న గుడి వీధి పొడుగునా శెనక్కాయల రాశులు పోస్తారు. మా అవ్వవాళ్ళ చింతామణి వైపు నుంచి కూడా ఆ శెనక్కాయలు వస్తాయి. ఇన్ని పెట్టుకుని మనం రంగేసిన బొప్పాయి ముక్కలు ఏరుకుంటున్నాం.

ప్రతి పండూ కేకుకి పనికిరాదు, అది కూడా చెప్పాలి. సీతాఫలం గుజ్జుకి వేడి బాగా తగిలితే చేదెక్కుతుంది. దాన్ని చల్లారిన కేకు మీద మీగడతో కలిపి రాసుకోవాలి, పిండిలో కలపకూడదు. పచ్చి పైనాపిల్‌ని పాలూ పెరుగూ తగిలే చోట వేస్తే విరిగి చేదవుతాయి, ముందు చక్కెరతో ఉడికించుకోవాలి. బెంగళూరు బ్లూ ద్రాక్షకి తొక్క మందం, గింజలు ఎక్కువ. ఉడికించి వడగట్టి ఆ రసం వాడుకోవాలి. మామిడి తియ్యగా ఉంటే చక్కెర తగ్గించాలి. గుజ్జు ఎక్కువైతే కేకు నడుమ జావలా మిగిలిపోతుంది. బాదం, జీడిపప్పు, శెనక్కాయ పప్పు ఏదైనా ముందు వేయించి, కొంచెం పొడిపిండిలో దొర్లించి కలిపితే అడుక్కి దిగిపోవు. ఇవన్నీ వంటింట్లో తెలిసే విషయాలే. కాలాన్ని బట్టి పండు, పండుని బట్టి కేకు. మన అవ్వలు ఊరగాయ పెట్టేటప్పుడు పాటించే లెక్క కూడా ఇదే కదా.

ఇక రెండో పక్షం దగ్గరికి వస్తాను. రాయడానికి కొంచెం కష్టంగా ఉన్నది ఇదే.

పోయిన ఏడాది ఒక పుట్టినరోజుకి వెళ్ళాను. బల్ల మీద రెండు కేకులు, రెండు చాకులు. ఒకటి ఎగ్‌ది, ఒకటి ఎగ్‌లెస్. ప్లేటు చేతికిచ్చే ముందు ఒక్కొక్కరినీ 'నువ్వు ఎగ్ తింటావా?' అని అడుగుతున్నారు. తింటామన్నవాళ్ళు కిటికీ పక్కకి, తిననివాళ్ళు మంచం పక్కకి. ఎవరూ చెప్పకుండానే అలా రెండు గుంపులయ్యాయి. ఒక అమ్మాయి మాత్రం 'నాకు కేకు వద్దులే' అని జ్యూస్ గ్లాసు తీసుకుని తలుపు దగ్గర నిలబడింది. ఆమెకి కేకంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు.

అడిగిన పిల్లది చెడ్డ బుద్ధి అనను. తిననివాళ్ళకి పొరపాటున పెట్టకూడదని అడిగింది. కానీ ఈ ప్రశ్న మనం చాలా చోట్ల వింటాం. బెంగళూరులో అద్దె ఇల్లు వెతికినవాళ్ళని అడగండి. పేరు తర్వాత రెండో ప్రశ్న 'వెజ్జా, నాన్‌వెజ్జా?' ఆ జవాబులో నుంచి మనం ఎవరిమో లెక్క తీస్తారు. అలాంటి లెక్కలు తెలిసిన పిల్లకి పుట్టినరోజు బల్ల దగ్గర కూడా అదే ప్రశ్న ఎదురైతే కేకు గొంతు దిగుతుందా? ఎగ్‌లెస్‌ని 'శుభ్రం' అని పొగిడినప్పుడల్లా, గుడ్డు తినేవాళ్ళని ఏమంటున్నామో ఒకసారి ఆలోచించాలి.

మా ఇంట్లో రెండు భాషలున్నట్టే రెండు అలవాట్లూ ఉన్నాయి. అమ్మవాళ్ళమ్మ, అంటే మా అవ్వ, తెలుగు మనిషి. పెరట్లో కోళ్ళు పెంచింది, గుడ్డు పులుసు ఆమె చేతిదే తినాలి. నాన్నవాళ్ళమ్మ, మా అజ్జి, కన్నడ మనిషి. గుడ్డు ముట్టుకోదు. నేను అరటిపండూ శెనక్కాయలూ వేసి కేకు చేస్తే ఇద్దరూ ఒకే ప్లేటులోంచి తింటారు. అవ్వ దాన్ని 'అరటిపండు కేకు' అంటుంది, అజ్జి 'బాళెహణ్ణు కేకు' అంటుంది. 'ఎగ్‌లెస్' అనే మాట ఇద్దరి నోటా రాదు. అజ్జి కోసం గుడ్డు మానేశానని అవ్వ అనుకోదు, అవ్వ తిండి తక్కువదని అజ్జికి అనిపించదు. ఇద్దరికీ అది పండు కేకు, అంతే.

మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనంతో గుడ్డు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు పెద్ద చర్చే జరిగింది. వద్దన్నవాళ్ళున్నారు, కావాలన్నవాళ్ళున్నారు. చివరికి తినే పిల్లలకి గుడ్డు, తినని పిల్లలకి అరటిపండో శెనక్కాయ చిక్కీయో అని ఏర్పాటు చేశారు. చూడండి, అవే రెండు వస్తువులు: అరటిపండు, శెనక్కాయ. ఒకరి గుడ్డు లాక్కోకుండా, ఇంకొకరిని ఆకలితో ఉంచకుండా, అందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టే ఏర్పాటు అది. గుడ్డు లేని కేకు ఉండాల్సింది కూడా అందుకే అని నేను నమ్ముతున్నాను. అందరూ తినగలిగేది ఒకటి బల్ల మీద ఉండాలి. అది ఎవరినీ విడదీయకూడదు.

'ఇవన్నీ ఎవరు చేస్తారు, ఓవెన్ ఎక్కడుంది?' అంటారు. ఓవెన్ లేకపోయినా కుక్కరు ఉంటుంది కదా. రబ్బరూ విజిలూ తీసేసి, అడుగున ఉప్పు పరిచి, పైన చిన్న స్టాండు పెట్టి, పది నిమిషాలు వేడెక్కనిచ్చి సన్న మంట మీద చేయొచ్చు. లెక్క ఇదీ: బాగా మాగిన ఏలక్కి అరటిపండ్లు ఆరు మెదిపితే సుమారు ఒక కప్పు గుజ్జు. అందులో ముప్పావు కప్పు బెల్లం పొడి, పావు కప్పు పెరుగు, మూడో వంతు కప్పు నూనె కలపాలి. ఒకటిన్నర కప్పు గోధుమపిండిలో ఒక చెంచా బేకింగ్ పౌడరు, అర చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు వేసి జల్లించి చేర్చాలి. ఎక్కువ కలపకూడదు, కలిపితే రబ్బరులా సాగుతుంది. వేయించి పొట్టు తీసి కచ్చాపచ్చాగా దంచిన శెనక్కాయ పప్పు అర కప్పు. ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర 40 నుంచి 45 నిమిషాలు, కుక్కరులో ఇంకొంచెం ఎక్కువ. పుల్ల గుచ్చి తీస్తే పిండి అంటకూడదు. బాదం, పిస్తా కొనాల్సిన పని లేదు, హాస్టల్ పిల్లల డబ్బులకి కూడా అందుతుంది.

మన డిపార్ట్‌మెంట్ వేడుకకి ఈసారి కేకు బయటి నుంచి తెప్పించే ముందు మేడమ్‌లూ, క్లాసు లీడర్లూ ఈ మాట ఆలోచించాలని కోరుతున్నాను. ఆ నెలలో ఏ పండు దొరికితే దానితో మనమే చేద్దాం. పక్కన ఒక చీటీ పెడదాం. పైన పెద్ద అక్షరాల్లో పండు పేరు, కింద వేసినవన్నీ: పిండి, పెరుగు, బెల్లం, శెనక్కాయలు. గుడ్డు తిననివాళ్ళు చదువుకుని తింటారు. శెనక్కాయలు పడనివాళ్ళూ చదువుకుని జాగ్రత్తపడతారు. ప్లేటు ఇచ్చేటప్పుడు ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు.