ఇబ్లీస్‌కు ఎన్ని మార్కులు?

ఒమాన్‌లోని నిజ్వాలో ఉండే తెలుగువాళ్లను బహ్లా గురించి అడిగి చూడండి. కోట సంగతి తర్వాత చెబుతారు, ముందు గొంతు తగ్గిస్తారు. "అక్కడ జిన్నులున్నాయండీ, రాత్రిపూట బండి ఆపకండి" అంటారు. ఆ మట్టికోటను యునెస్కో 1987లోనే ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అయినా మనవాళ్లకు బహ్లా అంటే జిన్నులే. ఊరి చుట్టూ పన్నెండు కిలోమీటర్ల గోడ ఉంది కదా, దాన్ని జిన్నులు ఒక్క రాత్రిలో లేపాయట. ఒమానీలు ఈ కథలను మనకంటే నింపాదిగా, కాఫీ తాగుతూ చెబుతారు. భయమంతా మనదే.

ఈ కథల్లో నాకు నచ్చిన విషయం ఒకటుంది. జిన్నులు తెలివితక్కువవని ఎవరూ అనరు. బహ్లా దగ్గరే సలూత్ అని పాత ఊరి దిబ్బ ఉంది. సులేమాన్ ప్రవక్త అక్కడ దిగి, నీళ్లు లేకపోవడం చూసి, జిన్నులను పనికి పురమాయించాడనీ, రోజుకు వెయ్యి కాలువల చొప్పున పది రోజుల్లో పదివేలు తవ్వాయనీ ఒమాన్ పాత చరిత్రల్లోనే రాసుకున్నారు. భూమి లోపలి నీటిని సొరంగాల్లో మళ్లించి తెచ్చే ఫలజ్‌ను సులేమాన్ తండ్రి పేరు మీద ఇప్పటికీ దావూదీ అనే పిలుస్తారు. నిజ్వాకు నీళ్లిచ్చే ఫలజ్ దారిస్ ఆ రకందే. 2006లో యునెస్కో గుర్తించిన అయిదు ఫలజ్‌లలో అదొకటి. పంపు లేదు, మోటారు లేదు. నేల వాలును వేలెడంత తేడా రాకుండా పట్టుకుని కిలోమీటర్ల కొద్దీ సొరంగం తవ్వాలి. ఆ ఇంజినీరింగు చూసి జనం చేతులెత్తి, పేరంతా జిన్నులకు కట్టబెట్టారు.

మన దగ్గరా దుష్టులకు చదువు లోటు చేయలేదు. రావణుడు వేదం చదివినవాడు, వీణ వాయించినవాడు. పాండిత్యం ఉండీ పెడదారి పట్టినవాడే చచ్చి బ్రహ్మరాక్షసుడవుతాడని మన కథలు. ఇక సాతానుకు వాక్యం కంఠతా వచ్చని గుంటూరు జిల్లా పాస్టర్లు ఊరికే అనరు. అరణ్యంలో ఏసును శోధించినప్పుడు వాడు ఎత్తి చూపింది కీర్తనల్లోని మాటే. ఏ మతం చూసినా సైతాను క్లాసులో ఫస్టే.

అందుకే మొన్న శుక్రవారం భోజనాల దగ్గర ఒక కుర్రాడు "సైతానుకు ఐక్యూ పరీక్ష పెడితే ఎంతొస్తుంది అంకుల్?" అంటే అందరూ నవ్వారు. ఎవరో రెండొందలన్నారు. ఇంకెవరో దేవుడే పేపరు సెట్ చేయాలన్నారు. నాకు మాత్రం ఆ ప్రశ్న నవ్వి వదిలేసేది కాదనిపించింది.

ఖురాన్‌లో సైతాను పేరు ఇబ్లీస్. వాడి కథ తెలిసిందే. మట్టితో ఆదామును చేసి, మొక్కమంటే దేవదూతలంతా మొక్కారు. ఇబ్లీస్ మొక్కలేదు. నన్ను నిప్పుతో చేశావు, వీణ్ని మట్టితో చేశావు, నేనే గొప్ప అన్నాడు. దీన్ని లెక్కల మాస్టారికి చూపించండి. మట్టికంటే నిప్పు గొప్ప. నేను నిప్పు, వాడు మట్టి. కనుక నేను గొప్ప. మెట్టు మెట్టుకూ పట్టుంది, ఎక్కడా తడబాటు లేదు. ఐక్యూ పేపర్లో ఇలాంటి ప్రశ్న వస్తే ఇబ్లీస్‌కు నూటికి నూరు. కానీ మట్టికంటే నిప్పు గొప్పని వాడికెవరు చెప్పారు? నిప్పులో ఖర్జూరం మొలవదు కదా! అసలు పోల్చి తీర్పు చెప్పడం మొదలెట్టిందే ఇబ్లీస్ అని తొలినాటి ముస్లిం పండితులు అనేవారు. బస్రా పండితుడు ఇబ్న్ సీరీన్ పేరు మీద ఆ మాట ప్రచారంలో ఉంది.

ఇబ్లీస్‌ది గర్వం అని అందరూ అంటారు. అది నిజమే గానీ నా అభియోగం ఇంకొకటి. ఎదుటివాడు ఏం చేయగలడో చూడకుండా, దేంతో పుట్టాడో చూసి ర్యాంకు ఇచ్చాడు. సృష్టిలో మొదటి ర్యాంకుల జాబితా వాడిదే.

ఐక్యూ పరీక్షను కనిపెట్టినవాళ్లకు ఈ బుద్ధి లేదు. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ ప్రశ్నలు తయారుచేసింది బడిలో వెనకబడ్డ పిల్లల్ని గుర్తించి, వాళ్లకు వేరే సాయం అందించడానికి. తెలివి పుట్టుకతో గడ్డకట్టిన సరుకనే వాళ్లంటే బినేకు ఒళ్లుమంట. ఆయన 1911లో పోయాడు. ఆ మరుసటేడు జర్మనీలో విలియం స్టెర్న్ మానసిక వయసును అసలు వయసుతో భాగించమన్నాడు. అదే ఐక్యూ. అప్పటికే సరుకు అమెరికా చేరింది.

అక్కడ హెన్రీ గొడార్డ్ 1913లో ఎల్లిస్ ఐలాండ్ రేవులో మనుషుల్ని పెట్టి, ఓడ దిగిన యూదులకు, ఇటాలియన్లకు, హంగేరియన్లకు, రష్యన్లకు పరీక్షలు పెట్టించాడు. ఎంచుకున్న ఆ కొద్దిమందిలో నూటికి ఎనభై మంది దాకా మందబుద్ధులే అని తేల్చాడు. రోజుల తరబడి ఓడ అడుగున కుదిలిపోయి, భాష రాక, ఆకలితో దిగినవాణ్ని కూర్చోబెట్టి లెక్క అడిగితే ఏమొస్తుంది? మస్కట్ విమానాశ్రయంలో మొదటిసారి దిగి వీసా కాగితం పట్టుకుని నిలబడ్డ మనవాడి మొహం ఒకసారి తలచుకోండి. ఇక 1917లో సైనికులకు పెట్టిన ఆర్మీ ఆల్ఫాలో క్రిస్కో అంటే ఏమిటనే ప్రశ్న ఉంది. అది అమెరికాలో వనస్పతి లాంటి వంటకొవ్వు బ్రాండు. తెలియకపోతే మార్కు పోతుంది, తెలివి తగ్గుతుంది. ఆ లెక్కల మీదే కార్ల్ బ్రిగమ్ 1923లో పుస్తకం రాసి జాతులకు వరసలు కట్టాడు. 1930లో తనే ఆ లెక్కలు నిలవవని ఒప్పుకున్నాడు. అప్పటికి అలాంటివాళ్ల రాకను కుదించే వలసల చట్టం వచ్చి ఆరేళ్లయింది.

పాత కథే కదా అనుకోవద్దు. 2002లో రిచర్డ్ లిన్, టాటూ వాన్‌హానెన్ 185 దేశాల తెలివికి అంకెలు వేశారు. వాళ్ల చేతిలో ఏదో ఒక పరీక్ష ఉన్నవి 81 దేశాలే. మిగతా 104 దేశాలకు ఇరుగుపొరుగును చూసి అంకె వేసేశారు. ఒమాన్ ఈ రెండో బాపతులోనిదే. ఇక్కడ ఒక్కరిని కూర్చోబెట్టి ఒక్క ప్రశ్నా అడగకుండా దేశానికంతటికీ మార్కులు పడ్డాయి. ఇబ్లీస్ కనీసం ఆదామును కళ్లారా చూశాడు.

ఫలజ్ దారిస్ నీటితో పారే ఒక ఖర్జూరం తోటలో జగిత్యాల వైపు పెద్దాయన ఒకరు పనిచేస్తున్నారు. బడి మధ్యలో మానేసిన మనిషి. నీటి వాటాను ఇక్కడ అథర్ లెక్కన పంచుకుంటారు. అథర్ అంటే దాదాపు అరగంట. వెనకటికి పగలు కర్ర నీడను బట్టి, రాత్రి చుక్కలను బట్టి వంతు మార్చుకునేవారు, ఇప్పుడు చేతి గడియారమే. వంతు రాగానే ఆయన పక్క కాలువ నోట్లో రాయి దొర్లించి, పాత గుడ్డపీలికలు కుక్కి, సందుల్లో బురద మెత్తుతాడు. నీరు తన మడిలోకి తిరుగుతుంది. ఏ చెట్టు కింద నేల ఎంత తాగుతుందో ఆయనకు కొలత అక్కర్లేదు. ఆఖరి మడి నిండేందుకు సరిపడా నీళ్లు కాలువలో ఇంకా పారుతుండగానే మూత తీసి పక్కవాడి వైపు వదిలేస్తాడు. గీతల బొమ్మలిచ్చి తర్వాతి బొమ్మ ఏదని అడిగే పరీక్ష పెడితే ఈయనకు ఎంతొస్తుందో నేను ఊహించగలను. ఆ అంకె చూసి ఆయన్ను కొలిచేవాణ్ని కూడా ఊహించగలను. జిన్నుల కథ అడిగితే ఆయన నవ్వాడు. "జిన్నులు తవ్వినయంటరు సారూ. మనసొంటి కూలోళ్లే తవ్వుంటరు."

అలాగని ఐక్యూ పరీక్ష బూటకమని నేననను. బడి చదువులో ఎవరు ఎంత నెగ్గుకొస్తారో అది చాలావరకు చెబుతుంది. కానీ చెప్పే అంకె రాతిమీద గీతేమీ కాదు. అమెరికాలో సగటు పదేళ్లకు మూడు పాయింట్ల చొప్పున పెరుగుతూ వచ్చిందని జేమ్స్ ఫ్లిన్ 1984లో చూపించాడు. దాన్ని పట్టుకుని వెనక్కి లెక్కేస్తే ముత్తాతలందరూ మందమతులని తేలాలి. అంతకంటే కాలంతోపాటు బడీ, తిండీ, ప్రశ్నలకు అలవాటూ మారాయనుకోవడమే సబబు.

మనవాళ్లకు ఈ ర్యాంకుల పిచ్చి కొత్త కాదు. ఇంటర్లో చేరిన వారానికే పిల్లల్ని సెక్షన్లుగా విడగొట్టి, పై సెక్షన్‌కు మంచి లెక్చరర్ని, కింది సెక్షన్‌కు మిగిలినవాణ్ని ఇచ్చే కాలేజీలు విజయవాడలోనూ ఉన్నాయి, హైదరాబాదులోనూ ఉన్నాయి. ఏడాది తర్వాత పై సెక్షన్‌కే ర్యాంకులొస్తాయి. చూశారా, మేం ముందే చెప్పాం అంటారు. ఆ పేపరు ఇబ్లీస్‌కిచ్చినా ఇంత నీటుగా రాయలేడు.

సైతాను ఐక్యూ అడిగిన ఆ కుర్రాడి తండ్రి ఆ రోజు నన్ను పక్కకు పిలిచి, "సెలవుల్లో ఇండియా వెళ్తున్నాం, వీడికి ఐక్యూ టెస్టు చేయిద్దామనుకుంటున్నానండీ, ఎక్కడ మంచిది?" అని అడిగారు. చదవడంలో, మాటలో, పనులు చేసుకోవడంలో తోటివాళ్లకంటే బాగా వెనకబడ్డాడా అని అడిగాను. లేదన్నారు. అలా ఉంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌కు తీసుకెళ్లమనేవాణ్ని. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో అక్కడ పెట్టిన జాతీయ సంస్థలో ఒక్క అంకెతో ఆగరు. పిల్లాడు అన్నం తానే తింటాడా, దుకాణానికి వెళ్లి రాగలడా అనీ చూస్తారు. ఆ కాగితంతో ప్రభుత్వ సాయం, శిక్షణ, బడిలో వెసులుబాటు దొరుకుతాయి. బినే అడిగింది అదే.

"మరి మావాడికి?" అన్నారాయన. ఎంత స్కోరొస్తే సంతోషిస్తారని అడిగాను. నూట నలభై అన్నారు వెంటనే. తొంభై వస్తే వాడితో ఏం చేస్తారంటే మాట్లాడలేదు. అయితే టెస్టు వద్దన్నాను. ఆ డబ్బుతో సూఖ్‌లో ఖలాస్ ఖర్జూరం కొని ఇంటికి పట్టుకెళ్లమన్నాను.