వెనుకకు వాలడమే అసలు ప్రమాదం



చదువుల కోసమో, ఉద్యోగాల కోసమో అమెరికా, కెనడా దేశాలకు వెళ్ళిన మన పిల్లలలో కొందరు శీతకాలం రాగానే స్కీయింగ్ నేర్చుకుంటున్నారు. అక్కడి స్కీ కేంద్రాలలో టెరైన్ పార్క్ అనే ప్రత్యేక స్థలం ఉంటుంది. అందులో మంచుపై అమర్చిన లోహపు కమ్మీలను రెయిల్స్ అంటారు. స్కీలతో వాటిపైకి ఎక్కి, అడ్డంగా తిరిగి జారుతూ, ఆవలి చివర దిగడం ఒక విద్య. ఈ విద్య భాగంగా ఉన్న స్లోప్‌స్టైల్ స్కీయింగ్ 2014 సోచీ ఒలింపిక్స్‌లో తొలిసారి చోటు సంపాదించుకుంది. దీనిని మాన్పించండని నేను తల్లిదండ్రులకు చెప్పను. మెట్లు దాటవేసి నేర్చుకోవడమే ప్రమాదకరమని నా దృఢాభిప్రాయం.

కారణం మన శరీర స్వభావంలోనే ఉంది. భయం కలిగినప్పుడు మనిషి అప్రయత్నంగా వెనుకకు వాలుతాడు. మంచుపై స్కీ అంచు పట్టు ఇస్తుంది. నున్నని లోహంపై ఆ పట్టు ఉండదు. వెనుకకు వాలిన మరుక్షణం పాదాలు ముందుకు జారిపోయి, తుంటి, వెన్ను, తల వెనుక భాగం కమ్మీకి తగులుతాయి. రక్షణ అనుకొని శరీరం ఎంచుకున్న భంగిమే గాయానికి కారణమవుతుంది. వేగం మరీ తగ్గించినా మేలు లేదు. కమ్మీ మధ్యలో ఆగి పక్కకు పడిపోతారు.

కాబట్టి సరైన భంగిమ ముందే అలవాటు కావాలి. మోకాళ్ళు కొద్దిగా వంచి, పాదాల మధ్య భుజాల వెడల్పు ఎడం ఉంచి, బరువు రెండు పాదాలపై సమంగా మోపి, చేతులు ముందుకు ఉంచాలి. స్కీల అడుగుభాగం లోహంపై సమతలంగా ఆనాలి. చూపు పాదాలపై కాక కమ్మీ చివరన నిలవాలి.

సాధనకు ఒక క్రమం ఉంది. మామూలు వాలుపై వేగాన్ని అదుపు చేయడం, రెండు వైపులా తిరిగి ఆగడం ముందుగా రావాలి. తరువాత సమతలమైన మంచుపై చిన్నగా ఎగిరి, అడ్డంగా తిరిగి, రెండు పాదాలపై ఒకేసారి దిగడం అభ్యసించాలి. ఆపై మంచు మట్టానికే ఉన్న వెడల్పైన బాక్స్‌పై మొదట తిన్నగా, పిదప అడ్డంగా జారాలి. అది నిలకడగా వచ్చాకే తక్కువ ఎత్తు గల, వెడల్పైన రెయిల్ ఎక్కాలి. ఎత్తైనవి, వంపులున్నవి, ఎగిరి అందుకోవలసినవి చాలా తరువాతి మాట.

హెల్మెట్ తప్పనిసరి. అది పుర్రె ఎముక విరగడాన్ని, నెత్తిపై గాయాలను తగ్గిస్తుంది. పుర్రె లోపల మెదడు కుదుపును మాత్రం పూర్తిగా ఆపలేదు. 2009లో నటి నటాషా రిచర్డ్‌సన్ కెనడాలోని మోంట్ ట్రెంబ్లాంట్‌లో, రెయిల్‌పై కాదు, ప్రారంభకుల వాలుపైనే హెల్మెట్ లేకుండా పడిపోయారు. మొదట బాగానే ఉన్నానన్నారు. పుర్రెకు, మెదడు పైపొరకు మధ్య రక్తస్రావం జరిగి రెండు రోజులలో మరణించారు. దెబ్బ తగిలాక కొంతసేపు మామూలుగా కనిపించడం ఈ రకం రక్తస్రావంలో వైద్యులెరిగిన లక్షణమే.

అందుచేత తలకు దెబ్బ తగిలినవారిని ఒంటరిగా వదలకండి. తలనొప్పి పెరగడం, వాంతులు, మగత, మాట తడబడడం, ఒక కంటిపాప పెద్దదవడం, కాలుచేతుల బలహీనత, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి చేర్చండి. తల తిరగడం, అయోమయం తగ్గినట్లున్నా ఆ రోజు మళ్ళీ స్కీలు కట్టకూడదు. మోకాలిలో ‘టప్’మని శబ్దం వచ్చి, కొన్ని గంటలలో వాపు వస్తే లిగమెంట్ తెగిందేమోనని అనుమానించి, దానిపై బరువు మోపకుండా వైద్యుని సంప్రదించాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఫోనులో “మానెయ్” అంటే పిల్లలు ఆట మానరు, మీకు చెప్పడం మానేస్తారు. “హెల్మెట్ పెట్టుకున్నావా? బాక్స్‌పై ఎన్నిసార్లు జారావు? తోడు ఎవరున్నారు?” అని అడగండి. ఏ మెట్టు దాటవేశారో ఆ జవాబులలోనే మీకు తెలుస్తుంది.