పిల్లల పేరు చెప్పి...

హైదరాబాద్ క్రికెట్ జట్టు కెప్టెన్ అంబటి రాయుడిపై 2018లో బీసీసీఐ విధించిన రెండు మ్యాచ్‌ల నిషేధం సబబే. ఆ ఏడాది జనవరి 11న విజయనగరంలో రెండు పరుగుల తేడాతో కర్ణాటక చేతిలో ఓడాక, సూపర్ ఓవర్ ఆడించాల్సిందేనంటూ జట్టుతో సహా మైదానం వదలని కెప్టెన్‌కు ఇది పెద్ద శిక్షేమీ కాదు. శిక్ష మరీ ఎక్కువైందని వాపోయినవారు చెప్పిన కారణమే మాకు మింగుడుపడటం లేదు. తన కోసం కాదు కదా, జట్టు కోసం కొట్లాడాడు అన్నారు.

ఈ వాదన మనకు కొత్తదేం కాదు. మా అనంతపురం జిల్లాలో కంబదూరు, కళ్యాణదుర్గం వైపు స్కూల్ గేమ్స్‌కు వెళ్లినవారు వినే ఉంటారు. అక్కడ ‘జట్టు’ బదులు ‘పిల్లలు’ అంటారు, అంతే తేడా. రెఫరీ మీదికి వేలు చూపుతూ కోర్టులోకి దూసుకొచ్చిన కోచ్‌ను పక్కకు పిలిచి అడగండి. ‘నాకేమొస్తాది సార్, పిల్లోళ్ల కోసం గదా’ అంటాడు.

పచ్చి అబద్ధం. పిల్లల కోసమే అయితే, తమకు కలిసొచ్చిన తప్పుడు నిర్ణయంపై ఏ కోచ్ అయినా కుర్చీలోంచి లేవాలి కదా? ‘మావాడు గీత తొక్కినాడు సార్, పాయింటు వాళ్లకియ్యండి’ అన్న కేక ఏ మైదానంలో వినిపించింది? న్యాయం మీద అంత మమకారం ఉన్నవారికి సగం తప్పులు ఎందుకు కనబడవు? కనబడతాయి. కప్పు చేజారుతుందని నోరు మెదపరు. కప్పు వస్తే కోచ్‌కు పేరు, ఆ పేరుతో హెడ్మాస్టరు దగ్గర పరపతి. ఇందులో పిల్లల వాటా ఎంత?

వాళ్ల వాటాకు వచ్చేదేమిటో చూడాలంటే కబడ్డీ కోర్టు పక్కన కాసేపు నిలబడితే చాలు. కూతకు వచ్చినవాడి వేలికొన కార్నర్‌లో ఉన్న పిల్లవాడి మోచేతికి తగిలీ తగలనట్టు తగులుతుంది. తగిలిందని వాడికి తెలుసు. ఊళ్లో ఆడేటప్పుడైతే చెయ్యెత్తి బయటికి నడుస్తాడు. ఇక్కడ ముందు సార్ ముఖం చూస్తాడు. ‘తగల్లే!’ అని సార్ అరిచాడంటే వాడికీ తగలనట్టే. పన్నెండేళ్లవాడు తన ఒంటికి తెలిసిన నిజాన్ని వదిలేసి సార్ గొంతుకు వంత పాడతాడు. వాడి కోసమేనట ఇదంతా!

ఇంతకీ ఆ విజిల్ ఎవరి చేతిలో ఉంది? మండల పోటీలకు రెఫరీలు ఢిల్లీ నుంచి దిగిరారు. పక్క ఊరి బడి పీఈటీయే ఊదుతాడు. పొద్దున ఖోఖో ఆడించినాయనే మధ్యాహ్నం తన పిల్లల్ని కబడ్డీకి దించుతాడు. ఈరోజు తిట్టేవాడు రేపు తిట్లు తినక తప్పదు. రీప్లే లేదు, థర్డ్ అంపైర్ లేడు. సున్నం గీత సగం ఆటకే చెరిగిపోతుంది.

విజయనగరంలో అంపైర్ల తప్పు ఉంది, ఒప్పుకుంటాం. కర్ణాటక ఇన్నింగ్స్ ముగిశాక దాని స్కోరు 203ను 205 చేయడం, నిర్ణయం మార్చుకుంటే వెంటనే మార్చుకోవాలన్న క్రికెట్ నిబంధనకు పొసగదు. దానికి ఫిర్యాదు రాసివ్వాలి గానీ బైఠాయించడమేమిటి? ఆ బైఠాయింపు ఖరీదు కట్టింది ఆంధ్ర, కేరళ కుర్రాళ్లు. ఆ తర్వాత జరగాల్సిన వాళ్ల ఇరవై ఓవర్ల ఆట 13 ఓవర్లకు కుదించుకుపోయింది. జట్టు కోసమన్నవారు ఈ రెండు జట్ల ఊసెత్తరేం?

ఈ ఆవేశం ముదిరితే ఏమవుతుందో చూడండి. 2012 డిసెంబరులో నెదర్లాండ్స్‌లోని ఆల్మెరెలో, కొడుకు ఆడుతున్న ఫుట్‌బాల్ మ్యాచ్‌కు లైన్స్‌మన్‌గా జెండా పట్టిన తండ్రిని అవతలి జట్టు కుర్రాళ్లు తన్నారు. మరునాడు ఆయన చనిపోయాడు. శిక్ష పడినవారిలో ఆరుగురు టీనేజర్లతో పాటు వారిలో ఒకరి తండ్రీ ఉన్నాడు, ఆరేళ్ల జైలుతో. ఆయనా కొడుకు ఆట కోసం వచ్చినవాడే.

అంపైర్‌ను బెదిరించిన ఆటగాణ్ణి మిగతా మ్యాచ్‌కు బయటికి పంపేయవచ్చని 2017 అక్టోబరు నుంచి క్రికెట్ నిబంధనల్లోనే చేర్చారు. పక్కనుండి ఎగదోసే పెద్దల సంగతేమిటి? అప్పట్లో హైదరాబాద్ జట్టు మేనేజర్ నుంచి బోర్డు సంజాయిషీ కోరింది. అలా కోరి ఊరుకుంటే చాలదు. మన జిల్లా స్కూల్ గేమ్స్ నిర్వాహకులు కూడా వచ్చే ఏడాది పోటీలకు ముందే తేల్చి చెప్పాలి. నిర్ణయం గురించి రెఫరీని అడిగే హక్కు కెప్టెన్‌కే. కోచ్‌కు అభ్యంతరం ఉంటే మ్యాచ్ అయ్యాక కాగితం మీద రాసివ్వాలి. గీత దాటి లోపలికొస్తే పోటీలు ముగిసేదాకా గేటు బయటే. జట్టును మాత్రం ఆపొద్దు, దాన్ని ఆడించడానికి ఆ బడి నుంచి ఇంకో టీచరును పంపమనాలి.