ఇంకా రుజువు కావాలట!

పెళ్ళయి ఐదేళ్ళయినా కడుపు పండకపోతే మన ఊళ్ళల్లో వేలు ముందు కోడలి మీదికే పోతుంది. గొడ్రాలంటారు. మొక్కులు మొక్కిస్తారు, చెట్ల చుట్టూ తిప్పుతారు, ఇంకో పెళ్ళి మాట కూడా ఎత్తుతారు. భుజాన పంపు తగిలించుకుని, మూతికి తువ్వాలు చుట్టుకుని, పంట కాలమంతా పత్తిచేలో మందు కొట్టొచ్చిన ఆమె మొగుడి వంక ఎవరూ చూడరు.

హైదరాబాదులో కొందరు శాస్త్రవేత్తలు చూశారు. 1991 నాటికే చూశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం జన్యుశాస్త్ర పరిశోధకులు డి.ఎస్. రూప, పి.పి. రెడ్డి, ఓ.ఎస్. రెడ్డి పత్తికి పురుగుమందు కొట్టే మగవాళ్ళ సంసారాలను పరిశీలించారు. వెయ్యికి పైగా జంటలు. మందు సోకని జంటలు మరో వెయ్యి, పోల్చి చూడటానికి. మందు కొట్టేవాళ్ళలో పిల్లలు పుట్టే అవకాశం తగ్గింది. బతికి పుట్టిన బిడ్డలు తగ్గారు. కడుపులు పోవడం, చచ్చి పుట్టడం, పుట్టిన కొద్ది రోజులకే పోవడం, అవకరాలతో పుట్టడం పెరిగాయి. అంతర్జాతీయ పత్రికలో అచ్చయిన సంగతి ఇది. దీన్ని ఏ రైతు సదస్సులో చదివి వినిపించారు? ఏ మందుల కొట్టు గోడకు అంటించారు? 1997-98లో వరంగల్లు రైతులు పురుగుమందు తాగి చచ్చిపోతే దాని పేరు పేపర్లకెక్కింది. తాగినవాడి శవం అందరికీ కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి పీల్చినవాడికి పుట్టకుండా పోయిన బిడ్డను ఎవరు లెక్కపెడతారు?

కేరళలోని కాసరగోడు సంగతి చూడండి. కేరళ ప్రభుత్వానికే చెందిన ప్లాంటేషన్ కార్పొరేషన్ అక్కడి కొండల మీది జీడితోటల్లో టీ దోమ అనే పురుగును చంపాలని ఇరవై ఏళ్ళకు పైగా హెలికాప్టర్‌తో ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు చల్లించింది. కొండ మీద పడింది వానకు కిందికొచ్చింది. వాగుల్లోకి, బావుల్లోకి, ఇళ్ళలోకి. వాణీనగర్‌లో వైద్యం చేసే డాక్టర్ వై.ఎస్. మోహన్ కుమార్ తన దగ్గరికొచ్చే రోగుల్లో అంతుచిక్కని జబ్బులు పోగవుతున్నాయని గమనించి రాశారు. వ్యవసాయ శాఖలోనే పనిచేసే లీలాకుమారి అమ్మ 1998లో కోర్టుకెళ్ళి చల్లడం ఆపించారు. శాఖ చెయ్యాల్సిన పని శాఖలో చిన్న ఉద్యోగి ఒంటరిగా చేసింది!

ఆ తర్వాత అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ రంగంలోకి దిగింది. హబీబుల్లా సయ్యద్, ఆయన సహచరులు తోటల కింది ఊరి బడిపిల్లల్లో 117 మంది మగపిల్లలను పరీక్షించారు. మందు పడని ఊరి నుంచి 90 మందిని పోల్చి చూశారు. 2003లో ఫలితాలు అచ్చయ్యాయి. ఎండోసల్ఫాన్ సోకిన పిల్లలకు యవ్వన లక్షణాలు ఆలస్యంగా వస్తున్నాయి, మగతనపు హార్మోను తయారీ కుంటుపడుతోంది. వృషణాలు కిందికి దిగకపోవడం, పుట్టు వరిబీజం లాంటి లోపాలు మందు సోకిన పిల్లల్లో 5.1 శాతం, సోకని పిల్లల్లో 1.1 శాతం. ఈ చివరి తేడా గణాంకాల ప్రకారం గట్టిగా నిలబడేది కాదని ఆ పరిశోధకులే రాసుకున్నారు. నిజాయితీ అంటే అది. మందు అమ్ముకునేవాళ్ళ వైపు నుంచి వచ్చిందేమిటి? అభ్యంతరాలు. తప్పులెన్నడాలు. ఇంకా రుజువు కావాలనడం. కేంద్రం వేసిన దూబే కమిటీ అయితే ఆ జబ్బులకూ మందుకూ లంకె లేదని తేల్చేసింది.

నాకు మండేది ఇక్కడే. మందును అమ్మకానికి వదిలేటప్పుడు అది పిల్లల పుట్టుకను చెరపదని రుజువు చూపమని కంపెనీని ఇంత పట్టుదలగా అడిగినవాళ్ళెవరు? చెడు జరిగాక మాత్రం రుజువు తెమ్మని కుంటిబిడ్డను ఎత్తుకున్న తల్లినడుగుతారు. ఆమె దగ్గర బిడ్డే ఉంది. అది చాలదట.

2011 దాకా విష రసాయనాలను అరికట్టే స్టాక్‌హోమ్ ఒప్పందం సమావేశాల్లో ఎండోసల్ఫాన్‌ను వెనకేసుకొచ్చింది మన దేశమే. ప్రపంచంలో దాన్ని అందరికంటే ఎక్కువగా తయారుచేసిందీ మనమే, అందులో ప్రభుత్వ రంగ సంస్థ వాటా కూడా ఉంది. అంటే ఆ తల్లి కట్టిన పన్నుతో నడిచే ప్రభుత్వం ఆ విషాన్ని వండింది, చల్లింది, పరాయి గడ్డ మీద దాని తరఫున వాదించింది కూడా. ఆ ఏడాది ఏప్రిల్‌లో అప్పటి కేరళ ముఖ్యమంత్రి అచ్యుతానందన్ నిషేధం కోసం నిరాహార దీక్షకు కూర్చున్నారు. మే నెలలో సుప్రీంకోర్టు తయారీని, అమ్మకాన్ని ఆపించింది.

కథ అక్కడితో ముగిసిందనుకుంటే పొరపాటు. బాధితులకు తలా ఐదు లక్షలు మూడు నెలల్లో ఇవ్వమని 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఐదేళ్ళు గడిచాయి. 2022 మే నెలలో అదే కోర్టు ముందు బయటపడిన లెక్క: బాధితులు 3,704 మంది, డబ్బు అందింది 8 మందికి. ఆ ఎనిమిది మందికైనా ఎందుకిచ్చారు? ఆదేశాన్ని ధిక్కరించారంటూ మళ్ళీ కోర్టు మెట్లెక్కింది వాళ్ళే గనుక. అప్పటికి డబ్బు అందని మిగతావాళ్ళలో మంచం దిగలేనివాళ్ళు, కాన్సరు రోగులు కూడా ఉన్నారు. డబ్బు కావాలంటే వాళ్ళు కూడా లేచి ఢిల్లీ దాకా నడిచి రావాలనుకున్నారు కాబోలు!