అతిథికి వంటింట్లో ఏం పని?

విదేశాలు చూసివచ్చిన మనవాళ్ళ నోట తరచుగా వినవచ్చే మాట ఒకటుంది. తెల్లవాళ్ళకు ఆతిథ్యమంటే ఏమిటో తెలియదనీ, అందులోనూ ఫ్రెంచివాళ్ళు మరీ ముభావులనీ. ఆ మాట అన్నవారిలో ఎక్కువమంది ఫ్రాన్సులో చూసినది ఒక హోటలు గది, ఈఫిల్ టవరు, పప్పన్నం దొరికే ఒక భోజనశాల. హోటలు గుమాస్తా ముఖకవళికలనుబట్టి ఒక జాతి ఆతిథ్యాన్ని తూచడం ఎంతవరకు న్యాయమో! నా మటుకు నాకు ఆ దేశంలో తెలిసిన ఊరు ఒక్కటే, లియోన్. 2007 డిసెంబరులో పదిరోజులపాటు అక్కడ ఒక మిత్రుని తల్లిదండ్రుల ఇంట్లో ఉన్నాను. ఆ పదిరోజులూ గడిచేసరికి వారి ఆతిథ్యం సంగతి అటుంచి, మన ఆతిథ్యం మీదే నాకు సందేహాలు మొదలయ్యాయి.

ఆ మిత్రుడు అంతకుముందు హైదరాబాదులో ఏడాదిపాటు నాతో కలిసి పనిచేసినవాడు. నేను వస్తున్నానని తెలియగానే వాళ్ళమ్మగారు అడిగించిన మొదటి ప్రశ్న: "ఏ తేదీన వస్తారు, ఏ తేదీన వెళ్తారు?" నాకు మనసు చివుక్కుమంది. మా దేవరకొండలో ఇంటికి వచ్చిన చుట్టాన్ని ఎప్పుడు వెళ్తావని అడగటమంత అప్రతిష్ఠ మరొకటి లేదు. వెళ్తానని చుట్టం తనంతట తాను అన్నా, సంచీ దాచిపెట్టి మరో రెండురోజులు ఆపాలి. రెండవ ప్రశ్న ఏమేమి తినరని. గొడ్డుమాంసం తిననని, తక్కినవన్నీ తింటానని రాశాను. వెళ్ళిన తరువాత చూద్దును కదా, వంటింటి గోడమీది కాలెండరులో నేనుండే పదిరోజులకూ పెన్సిలుతో గీత గీసి, ఏ పూట ఏమి వండాలో కూడా రాసిపెట్టి ఉంది! ఎప్పుడు పోతావని అడిగినది నన్ను వదిలించుకోవడానికి కాదని అప్పుడు గాని నా బుర్రకు ఎక్కలేదు.

వాళ్ళ ఇల్లు క్రువా రూస్ అనే కొండమీద. లియోన్‌లో ఎదురుబొదురుగా రెండు కొండలున్నాయి. తెల్లని పెద్ద చర్చి ఉన్న ఫూర్వియేర్‌ను ప్రార్థించే కొండ అనీ, క్రువా రూస్‌ను పనిచేసే కొండ అనీ ఆ ఊరివాళ్ళంటారు. పనిచేసినవాళ్ళు పట్టు నేతగాళ్ళు. వారిని అక్కడ కాన్యూలంటారు. వాళ్ళ ఇళ్ళలో పైకప్పు దాదాపు నాలుగు మీటర్ల ఎత్తున ఉంటుంది. అది దర్జా కోసం కట్టినది కాదు. 1800ల తొలి సంవత్సరాల్లో జాకార్డు అనే లియోన్ వాడే తయారుచేసిన మగ్గం, చిల్లులు పొడిచిన అట్టల దండతో సహా, నిలబడటానికి అంత ఎత్తు కావలసివచ్చింది. మగ్గం ఇల్లంతా ఆక్రమించుకుంటే మనుషులు ఎక్కడ పడుకోవాలి? గోడకు ఆనించి చెక్కతో ఒక అటక కట్టి, దానిమీద పిల్లాజెల్లా పడుకునేవారట. నాకు పక్క వేసినది సరిగ్గా ఆ అటకమీదనే. లేచి నిలుచుంటే తల తగిలేది.

మిత్రుని తండ్రి ఉద్యోగ విరమణ చేసిన మనిషి, మితభాషి. ఆయనకు కానుకగా ఒక పోచంపల్లి పట్టుగుడ్డ తీసుకువెళ్ళాను (అప్పటికి పోచంపల్లి మా నల్గొండ జిల్లాలోనిదే). ఆయన దాన్ని మెచ్చుకోవడానికి ముందు తిరగేసి చూశాడు. రెండువైపులా ఒకటే పోలికగా ఉన్నందుకు ఆశ్చర్యపడి, ఎలా నేస్తారని అడిగాడు. దారాన్ని ముందే ముడులు కట్టి రంగులో ముంచుతారనీ, నేతకు ముందే బొమ్మ దారంలో ఉంటుందనీ నాకు తెలిసినంత చెప్పాను. ఆ తరువాత ఆయన అడిగినది: "ఇది నేయడానికి ఎన్ని రోజులు పట్టింది? నేసినవాడికి ఎంత ముట్టింది?"

నాకు తెలియదు. కొన్న ధర తెలుసు, అంతే.

మర్నాడు ఆయన నన్ను త్రబూల్ అనే సందుల్లో తిప్పాడు. బయటికి మామూలు వీధి తలుపులా ఉంటుంది. తోసుకుని వెళ్తే ఒక ఇంటి కిందుగా, మరో ఇంటి పెరట్లోంచి, మెట్లమీదుగా ఇంకో వీధిలో తేలుతాం. పట్టుతానులు వానలో తడవకుండా మోసుకుపోవడానికి నేతగాళ్ళకు అక్కరకొచ్చిన దారులవి. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లను ఎదిరించినవారు కూడా వీటినే వాడుకున్నారు. కూర్ దె వొరాస్ అనే చోట ఆరంతస్తుల రాతిమెట్ల ముందు నిలబడి, 1831 నవంబరు సంగతి చెప్పాడు. గజానికింత అని కూలిరేటు కుదిరాక కొందరు వర్తకులు దాన్ని ఇవ్వమన్నారు. నేతగాళ్ళు ఈ కొండ దిగి నగరాన్ని కొన్నాళ్ళు తమ చేతుల్లోకి తీసుకున్నారు. సైన్యం వచ్చింది. 1834 ఏప్రిల్‌లో మళ్ళీ లేస్తే ఆ మాటు నెత్తురు పారింది. ముందురోజు ఆయన నన్నడిగిన ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడర్థమైంది. యాత్రాపుస్తకాల్లోనూ ఈ కథ ఉంటుంది, కాదనను. కాని పుస్తకం ఎదురు ప్రశ్న వేయదు కదా!

ఇక వంటింటి సంగతి. మొదటిరోజు రాత్రి భోజనం కాగానే అలవాటుగా కూర్చునే ఉన్నాను. ఆ తల్లి నా చేతికి తుడుచుకునే గుడ్డ ఇచ్చి సింకు వైపు చూపించింది! రెండోరోజు బంగాళదుంపల చెక్కు తీయడం, మూడోరోజు కిందికి వెళ్ళి రొట్టె కొనుక్కురావడం. రొట్టె అక్కడ కంచంలో పెట్టరు, బల్లగుడ్డమీదనే పెడతారు. బోర్లించి పెడితే అరిష్టమట. నేను పెట్టినప్పుడల్లా ఆమె మాట్లాడకుండా తిప్పిపెట్టేది. కూజాలో పంపునీళ్ళు పోసి పెడితే మొదట అనుమానంగా చూశాను. నల్గొండ జిల్లావాడిని, నీళ్ళను చూసి భయపడటం పుట్టుకతో వచ్చిన బుద్ధి (ఫ్లోరైడు పుణ్యమా అని!). అదీ ఆమె కనిపెట్టింది. కారణం చెబితే తరువాత చాలాసేపు మా ఊళ్ళ గురించి అడిగింది, వంకర్లు తిరిగిన కాళ్ళ గురించి, గట్టిపడిన వెన్నుల గురించి. అంట్లు తోమేచోట కాకపోతే ఆ మాటలు వచ్చేవి కావు.

డిసెంబరు 8 ఆ ఊరికి దీపాల పండుగ. 1852లో ఫూర్వియేర్ మీద మేరీమాత విగ్రహం నిలిపిననాడు జనం కిటికీల్లో దీపాలు పెట్టారట, అప్పటినుంచీ పెడుతూనే ఉన్నారు. ఇప్పుడు నగరం మధ్యలో కట్టడాలన్నిటిమీదా విద్యుద్దీపాల ప్రదర్శనలుంటాయి, లక్షలమంది వస్తారు. నేనూ వెళ్ళి చూశాను, బాగున్నాయి. కాని అంతకుముందు, చీకటి పడే వేళ, చిన్న గాజుగ్లాసుల్లో మైనపువత్తులు పెట్టి కిటికీ అంచున వరుసగా వెలిగించే పని నాకు అప్పగించారు. ఎదురింటి కిటికీలో ఎవరో ముసలాయన కూడా అదే చేస్తూ నాకు చెయ్యి ఊపాడు. కార్తీకమాసంలో మా గుమ్మం గుర్తొచ్చింది. హోటల్లో దిగినవాడికి వెలిగించడానికి కిటికీ ఎవరిస్తారు?

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే ఇది ఫ్రెంచివారికి రాసిన యోగ్యతాపత్రం అవుతుంది. అసలు రాయవలసినది ఆ తరువాతిది.

2009 సంక్రాంతికి ఆ మిత్రుడు దేవరకొండ వచ్చాడు. మా అమ్మ రెండురోజుల ముందునుంచే సకినాలు చుట్టింది. ఉన్న నాలుగురోజులూ అతణ్ణి మంచం దిగనివ్వలేదంటే అతిశయోక్తి కాదు. తిన్న పళ్ళెం పట్టుకుని లేవబోతే, "అయ్యో, చుట్టపోడు పల్లెం కడుగుడా! నలుగురు ఇంటే ఏమనుకుంటరు బిడ్డా!" అని లాక్కుంది. దుర్గం చూపించాలి కదా. పద్మనాయకుల కాలపు ఆ కోట గోడలు, బురుజులు నాకంటే బాగా తెలిసినవాడు నా ఇంటర్మీడియట్ మిత్రుడు. రెండేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నాం. మాదిగవాడలో ఇల్లు. అతణ్ణి తోడు పిలిచాను. పొద్దుటినుంచీ మధ్యాహ్నం దాకా ముగ్గురం కొండమీద తిరిగాం.

దిగివచ్చి ఇంటిముందు ఆగాం. ఫ్రెంచి మిత్రుడు బూట్లు విప్పి, ఆకలి అంటూ నేరుగా వంటింట్లోకే పోయి పొయ్యి పక్కన నిలబడ్డాడు. మా అమ్మ మురిసిపోయింది. గొడ్డుమాంసం వాళ్ళింట్లో వారానికోసారి వండుతారని ఆమెకు తెలుసు, నేనే చెప్పాను. నా బెంచీ మిత్రుడు అడగకుండానే అరుగుమీద కూర్చున్నాడు. చిన్నప్పటినుంచీ కూర్చునే చోటే. అన్నం అక్కడికే వెళ్ళింది. నేను ఇద్దరికీ మధ్యన గుమ్మంలో నిలుచున్నాను.

"అతను లోపలికి రాడేం?" అని అడిగాడు ఫ్రెంచి మిత్రుడు.

"తొందర పని ఉందట" అన్నాను.

మనం అతిథిని దేవుడంటాం. దేవుణ్ణి పీటమీద కూర్చోబెట్టి నైవేద్యం పెట్టి తలుపు దగ్గరికి వేస్తాం, ఇంట్లో ఏం జరుగుతోందో దేవుడికి కనిపించదు. వాళ్ళింట్లో నేను అటకమీద పడుకున్నాను, అంట్లు తుడిచాను, వాళ్ళ ఊరి నెత్తుటి కథ కూడా దాచకుండా చెప్పారు. మా ఇంట్లో అతనికి సకినాలు పెట్టి అబద్ధం చెప్పాను. ఎవరిది ఆతిథ్యం? అమ్మను తప్పుపట్టి నేను తప్పించుకోలేను. ఆమెకు ఆ సంగతి తట్టనైనా తట్టి ఉండదు, నాకు తట్టింది. అందరు ఫ్రెంచివాళ్ళూ ఇలాంటివారేనని గాని, వాళ్ళ దేశంలో అరుగులు లేవని గాని నేననను. పరాయిదేశపు మనిషికి సునాయాసంగా తెరుచుకున్న వంటిల్లు, నాలుగు వీధుల అవతలి మనిషికి ఇరవయ్యేళ్ళయినా తెరుచుకోలేదంటే, మన ఆతిథ్యం ప్రపంచంలోకెల్లా గొప్పదని చెప్పుకునేముందు కాస్త ఆగాలని మాత్రం అంటాను.

చాలా ఏళ్ళు గడిచాక ఒక దసరాకు నేనే వాళ్ళింటికి వెళ్ళాను. పిలవలేదు, వస్తున్నానని ఫోను చేశాను. ఎందుకొచ్చానని అతనూ అడగలేదు, నేనూ చెప్పలేదు. తిన్నాక పళ్ళెం తీసుకుని లేస్తే అతని భార్య కంగారుగా అడ్డువచ్చి "ఊకోండి సారూ, మీరు కడుగుడేంది" అంది. ఆ "సారూ" అన్నది చెవిలో పడింది.

లోపలి గదిలోంచి అతనన్నాడు: "కడగనియ్యవే."

పెరట్లో నల్లా దగ్గర కడిగి బోర్లించి వచ్చాను.